రంగు సబ్బులో చారలు: కారణ విచారము, నివారణ మార్గములు

నూనెను కాస్టిక్ సోడా ద్రావణముతో కలిపి, పొయ్యిమీద ఉడికింపక, కోల్డ్ ప్రాసెస్ అని వాడుకలోనున్న చల్లని పద్ధతిని ఇంటనే సబ్బు చేసికొనువారు నేడు మనలో పెక్కురు కలరు. వారిలో రంగు జోలికి పోనివారికి చిక్కు లేదు. కాని ఎంతో శ్రద్ధతో తెల్లని పొడినో నీలపు పొడినో కలిపి, పాకమును అచ్చులో పోసి, పైన కంబళి కప్పి, మరునాడు ముద్దను విప్పి ముక్కలుగా కోసి చూచినప్పుడు, ఏకవర్ణముగా ఉండవలసిన ముఖముపై, ఎండిన చెరువు అడుగున నెర్రెలు విచ్చినట్లు, సన్నని వంకర గీతలు అల్లిబిల్లిగా పాకియుండుట చూచి చిన్నబోవువారు అసంఖ్యాకులు. వ్రేలితో తడిమినచో పగులు తగులదు. గోటితో గీచినచో ఏదియు ఊడిరాదు. ఉపరితలము నున్నగనే యుండును. కంటికి మాత్రము చిక్కని తెలుపు నడుమ వెలుతురు చొరబారు పలుచని నరములు స్పష్టముగా గోచరించుచుండును.

ఈ దోషము ఏల కలుగును, దానిని తప్పించుటెట్లు అను ప్రశ్నకు సబ్బు చేయువారి నడుమ ఏకాభిప్రాయము లేదు. రంగుపొడి మంచిది కాదని ఒకరందురు. గ్లిజరిను విడిపోయినదని మరియొకరు. అత్తరు చెడగొట్టినదని వేరొకరు. సరిగా గిలకొట్టలేదని ఇంకొకరు. ప్రతి వాదమునందును కొంత సత్యము లేకపోలేదు. ఐనను వానిలో ఏది మూలమో ఏది శాఖయో తేల్చుకొననిచో, రంగు డబ్బా వెంట రంగు డబ్బా మార్చుచు ధనమును కాలమును వ్యయపరచుటయే జరుగును గాని చారలు పోవు. ఆ వాదములను పరిశీలించి నేను చేరిన నిర్ణయము ఇది: చారలను పుట్టించునవి నీరును వేడిమియు, రంగుపొడి వానిని కంటికి కనబరచును. కావున మొదట దిద్దవలసినది క్షారద్రావణములోని నీటి పాలు. రంగు నూరుకొనుట దాని తరువాతి పని.

ఈ మాట నమ్మదగినదో కాదో తేలవలెనన్న, అచ్చులో పోసిన ముద్దలో ఏమి జరుగుచున్నదో కొంత తెలియవలెను. స్వీడన్ దేశపు రసాయనవేత్త షీలే 1779 ప్రాంతమున ఆలివ్ నూనెను మురదారుసింగి యను సీసభస్మముతో కాచి, నూనెలో దాగియున్న తీయని ద్రవమునొకదానిని వేరుచేసెను, అదియే గ్లిజరిను. ఫ్రాన్సు దేశీయుడగు షెవ్రూల్ 1823లో ప్రకటించిన గ్రంథమున, కొవ్వులలోని ఆమ్లములు ఒకటి కాదనియు, అవి పలువిధములనియు నిరూపించి, సబ్బు అనగా ఆ యామ్లములకును క్షారమునకును సంయోగమువలన కలిగిన లవణములే యని స్థాపించెను. ఈ మహనీయుడే 1824లో పారిస్ నగరమున గోబెలిన్ నేతశాలల అద్దకపు శాఖకు అధ్యక్షుడై, 1839లో వర్ణములు ఒకదాని ప్రక్కన ఒకటి యున్నప్పుడు తమ భేదమును ఎట్లు హెచ్చించి చూపునో వివరించు బృహద్గ్రంథమును వెలువరించెను. సబ్బును రంగును రెండింటిని ఇంత లోతుగా శోధించినవాడు మరియొకడు నాకు కానరాడు. మన ప్రశ్నకు ఆయన రెండు గ్రంథములును పనికివచ్చును; ఏలయన ధవళమైన సబ్బులో కొద్దిపాటి మసకనరము కూడ అంత నల్లగా తోచుటకు, ప్రక్కనున్న ఆ ధావళ్యమే కొంత కారణము.

కొవ్వులలోని ఈ ఆమ్లములలో స్టియరిక్, పామిటిక్ ఆమ్లముల సబ్బులు వేడిమి మీదనే గట్టిపడును. ఓలియిక్ ఆమ్లము, ఆముదములోని రిసినోలియిక్ ఆమ్లము ఇచ్చు సబ్బులు చాల చల్లబడువరకు మెత్తగా, తేటగా నిలుచును. నూనెయు క్షారమును కలియుటవలన పుట్టు వేడిమి ముద్ద నడిమి భాగమున నిలిచి, అది యంతయు ఒకానొక స్థితిలో ముదురు వన్నెకు తిరిగి, వాసెలీను వంటి మెత్తదనము పొందును. దీనినే జెల్ దశ యందురు. సబ్బునకును నీటికిని గల ఇట్టి వివిధ దశలను ఆయుష్కాలమంతయు పరిశోధించిన శాస్త్రవేత్త జేమ్స్ విలియం మెక్‌బెయిన్. బ్రిస్టల్, స్టాన్‌ఫర్డ్ విద్యాపీఠములలో పనిచేసి, వార్ధక్యమున భారతదేశమునకు వచ్చి, పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు 1949 నుండి 1952 వరకు ప్రథమ సంచాలకుడుగా నుండినవాడు ఇతడే. నీటి పాలునుబట్టియు వేడిమినిబట్టియు సబ్బు ద్రవస్ఫటిక స్థితులలో ఒకదానినుండి మరియొకదానికి మారునని అట్టి పరిశోధనలవలన తెలియవచ్చినది. ఇక మన ముద్ద జెల్ దశనుండి మెల్లమెల్లగా చల్లారునప్పుడు, మొదట గట్టిపడు సబ్బులు స్ఫటికములై ఒకచోట కూడుకొని కాంతిని చెదరగొట్టును. వెనుక గట్టిపడునవి మిగిలిన నీటితో గూడి వాని సందులలో నిలిచి కాంతిని లోనికి పోనిచ్చును. ఆ సందులే మన చారలు. నీరు ఎక్కువగా నున్నకొలదిని, చల్లారుట ఆలస్యమైనకొలదిని, ఈ విభాగమునకు అవకాశము హెచ్చును.

ఇప్పుడు వాదములను చూతము. రంగుపొడి, అందును ముఖ్యముగా టైటానియం డయాక్సైడు అను తెల్లని పొడి, దోషకారి యనుట మిక్కిలి ప్రచారములోనున్న మాట. ఈ పొడి మొదటి ప్రపంచ సంగ్రామ కాలమున నార్వేయందును అమెరికాయందును విరివిగా తయారు కాజొచ్చినది. దానికి మూలమగు ఇల్మనైటు మన భీమునిపట్టణము, కళింగపట్టణము తీరముల నల్లయిసుకలో కలదు. తిరువనంతపురమున 1946లో స్థాపితమైన ట్రావన్‌కోర్ టైటానియం కర్మాగారము కేరళ తీరపు ఇల్మనైటుతో ఈ తెల్లపొడిని చేయుచున్నది. దాని తెలుపునకు రహస్యము వక్రీభవన గుణకమున నున్నది: నీటికి 1.33, నూనెకు సుమారు 1.47 కాగా, ఈ పొడిలోని అనటేస్ అను రకమునకు 2.5, రూటైల్ అను రకమునకు 2.7 వరకు కలదు. అందుచేత చిటికెడు పొడియే సబ్బును పాలవలె తెల్లబరచును. అంతటి అపారదర్శకత ఉన్నచోట వెలుతురు చొరబారు సన్నని సందు కొట్టవచ్చినట్లు కనబడుటలో ఆశ్చర్యమేమి? అయితే, అదే పొడి అదే పాళ్ళలో కలిపిన ఒకే పాకమును రెండు అచ్చులలో పోసి, ఒకదానిని రిఫ్రిజిరేటరులోను, మరియొకదానిని కంబళిలోను ఉంచినచో, మొదటిది నిర్మలముగను రెండవది నరములతోను వచ్చుట ఎవరైనను చేసి చూడవచ్చును. రంగు రెండింటను ఒక్కటియే గదా! రంగు కలపని సబ్బులోను వేడిమికి లోనైన ముక్కను వెలుతురునకు ఎత్తి పట్టి చూచినచో ఈ నరముల జాడ లేతగా కనబడును. కావున పొడిని దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు. సాక్షిగా మాత్రము నిలబెట్టవచ్చును.

గ్లిజరిను వేరుపడి ఏరులై పారినదనువారి వాదము వినుటకు ఇంపుగా నుండును. వాడిన నూనె బరువులో సుమారు పదవ వంతు గ్లిజరిను పుట్టి సబ్బులోనే నిలుచుట నిజమే. కాని అది నీటితో నిశ్శేషముగా కలియు ద్రవము. వేరుపడి కాలువలు కట్టియున్నచో ఆ చారలు వ్రేలికి తడిగా, జిగటగా తగులవలెను. అట్లు తగులుట లేదు. సబ్బు ఆరినకొలదిని నరములును తక్కిన భాగమును సమముగనే గట్టిపడును. అత్తరు వాదము దీనికంటె బలవత్తరము. లవంగ తైలమువంటి కొన్ని పరిమళద్రవ్యములు పాకమును హఠాత్తుగా బిగియించి, రంగు సమముగా కలియకముందే ముద్ద చేయును. మరికొన్ని వేడిమిని పెంచి జెల్ దశను త్వరపెట్టును. ఐనను ఇవి చారలకు దారి చూపునవే గాని స్వతంత్రముగా పుట్టించునవి కావు.

నీటి పక్షమున నిర్ణాయకమైన సాక్ష్యము ఘోస్ట్ స్విర్ల్ అను పేర సబ్బు కళాకారులు చేయు ఒక పని. వారు ఒకే నూనెల మిశ్రమమును తీసికొని, రంగు ఏమాత్రమును కలపక, ఒక పాలును ఎక్కువ నీటితోను మరియొక పాలును తక్కువ నీటితోను కలిపి, రెండింటిని అచ్చులో సుడులుగా పోసి, ముద్దను వేడిగా నుంచి జెల్ దశకు రప్పింతురు. మరునాడు కోసినప్పుడు, నీరెక్కువైన భాగము ముదురుగను తేటగను, తక్కువైన భాగము లేతగను చిక్కగను తేలి, రంగే లేని సబ్బులో రెండు రంగుల చిత్రము ప్రత్యక్షమగును. అందులో రంగుపొడి లేదు, అత్తరును లేదు, రెండు పాళ్ళయందును పుట్టు గ్లిజరిను సమానము, మారినది నీరొక్కటియే. దీనిని ఒక్కమారు కన్నులార చూచినవారికి ఇంకొక నిదర్శనము అక్కరలేదు. వర్జీనియాలోని హాంప్డెన్-సిడ్నీ కళాశాలలో రసాయనాచార్యుడగు కెవిన్ డన్ 2010లో ప్రకటించిన గ్రంథము చల్లని పద్ధతి సబ్బును తూకముతోను కొలతతోను పరిశీలించుటకు దారి చూపినది. కాస్టిక్ సోడాను నీటిలో ఎంత శాతముగా కరగించితిమో లెక్కించు అలవాటు సబ్బు చేయువారికి ఎంతయు మేలు చేసినది.

ఇచట ఒక ప్రాచీన విశేషమును చెప్పక ముందునకు పోజాలను. మనము తప్పించుకొనజూచు ఈ విభాగమునే ఫ్రాన్సు దేశమున మార్సెయ్ పట్టణపు సబ్బుకారులు కోరి తెచ్చుకొనుచుండిరి. ఆలివ్ నూనె తప్ప ఇతర కొవ్వులు వాడరాదనియు, జూన్, జూలై, ఆగస్టు మాసములందు సబ్బు వండరాదనియు 14వ లూయీ ప్రభుత్వము 1688లో శాసించిన పట్టణము అది. అక్కడ తెల్లసబ్బుతో పాటు నీలపు నరములు గల పాలరాతి సబ్బు ప్రసిద్ధము. కాగులో ఉడికిన సబ్బునందు ఇనుప లవణమును చేర్చగా, సోడాలోని గంధకమువలన నీలిమతో గూడిన నల్లని రేణువులు ఏర్పడును. సబ్బు నెమ్మదిగా చల్లారుచుండగా, స్ఫటికములై ముందు గట్టిపడు భాగము ఆ రేణువులను ఇవతలకు నెట్టివేయును. అవి వెనుక గట్టిపడు భాగమున కూడి నరములగును. కోసినపుడు లోపల నీలముగా నుండు ఈ నరములు, గాలి తగిలిన పైముఖమున ఇనుము త్రుప్పుపట్టి ఎర్రని వన్నెకు మారుచుండెను. నీరు మితిమీరినచో రేణువులు నిలువక అడుగునకు దిగిపోవును. కావున నరములున్న సబ్బులో నీళ్ళు కలిపి బరువు పెంచలేదని కొనువారికి నమ్మకము. అంగడిలో మంచి సరుకునకు చారలే హామీపత్రమైన కాలము ఒకటి కలదన్న మాట. వండిన సబ్బునకును మన చల్లని పద్ధతి సబ్బునకును వివరములలో భేదమున్నను, నెమ్మదిగా చల్లారుటలో సబ్బులు రెండు తెగలుగా చీలుట యను మూలము ఒక్కటియే.

ఇక నివారణ. ఒక ఉదాహరణము గొని లెక్క చూతము. కొబ్బరినూనె 350 గ్రాములు, తవుడునూనె 300, పామాయిలు 250, ఆముదము 100, వెరసి ఒక కిలో నూనె అనుకొందము. నూటికి ఐదు పాళ్ళు నూనె మిగులునట్లు లెక్కించినచో దీనికి కావలసిన కాస్టిక్ సోడా సుమారు 145 గ్రాములు. పాత పుస్తకములు చెప్పు విధమున నూనెలో నూటికి 38 వంతుల నీరు, అనగా 380 గ్రాములు పోసినచో, ద్రావణములో సోడా 28 శాతమునకు కూడ చేరదు. చారలు మెండుగా వచ్చునది ఇచ్చటనే. సోడాకు రెండింతల నీరు, అనగా 290 గ్రాములు పోసినచో 33 శాతమగును. చారలు చాలవరకు తగ్గును. ఒకటిన్నర యింతలు, అనగా సుమారు 218 గ్రాములు పోసినచో 40 శాతమగును. జెల్ దశకు రావలెనన్న ముద్ద మరింత వేడెక్కవలెను గనుక, కంబళి కప్పినను చారలు కనబడుట అరుదు. అయితే నీరు తగ్గినకొలదిని పాకము త్వరగా బిగియును. కొత్తగా నేర్చుకొనువారు 33తో ఆరంభించి, చేయి తిరిగిన తరువాత 36కు, పిమ్మట 40కి పోవుట మేలని నా అభిప్రాయము. సోడాకు సమానముగా మాత్రమే నీరు పోసి 50 శాతమునకు చేర్చుట, నిలువ ద్రావణము చేసికొను అనుభవజ్ఞులకే తగును. అంతకు తక్కువైనచో సోడా పూర్తిగా కరగదు. సోడానే నీటిలో కొంచెము కొంచెముగా వేయవలెను గాని, సోడా మీద నీరు పోయరాదు. అల్యూమినియం పాత్ర పనికిరాదు. కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు లేక ఈ పనికి దిగరాదు. బోరు నీటిలోని సున్నము సబ్బును కొంత విరుగజేసి మడ్డి కట్టించును గనుక, మందుల దుకాణమున దొరకు డిస్టిల్డ్ వాటర్ వాడుట శ్రేయస్కరము.

వేడిమి విషయమున మనవారు పొరబడుటకు ఒక కారణము కలదు. చల్లని పద్ధతి గ్రంథములు చాలవరకు శీతల దేశములలో వ్రాయబడినవి. అచ్చును కంబళులలో చుట్టి ఒకరోజు కదల్పకుండుమని అవి బోధించును. పుష్యమాసపు ఆదిలాబాదున ఆ మాట చెల్లునేమో గాని, రోహిణి కార్తెలో విజయవాడయందో రామగుండమునందో వంటగది గాలియే 40 డిగ్రీలు దాటుచుండగా, కంబళి కప్పిన ముద్ద ఎంత వేడెక్కునో ఊహింపవచ్చును. అట్టి దినములలో నూనెను క్షారద్రావణమును ఇంచుమించు 35 డిగ్రీలకు చల్లార్చి కలిపి, అచ్చును ఏమియు కప్పక, జాలి పీట మీద నుంచి, క్రింద మీద గాలి ఆడనిచ్చుట ఉత్తమము. ముక్క కొక గుంట గల చిన్న సిలికాను అచ్చులలో వేడిమి నిలువదు గనుక చారలు సామాన్యముగా రావు. పెద్ద కొయ్య అచ్చులో పోసిన దిమ్మకే ఈ భయము. రిఫ్రిజిరేటరులో పెట్టి జెల్ దశ రాకుండ చేయుట మరియొక మార్గము. కాని సగము చల్లార్చి విడుచుట అన్నిటికంటె చెరుపు: నడుమ భాగము మాత్రమే జెల్ దశకు వచ్చి, అంచులు రాక, ప్రతి ముక్కలోను ముదురు వన్నె వలయమొకటి నిలిచిపోవును. కావున వేడిమి నైనను పూర్తిగా రానీయవలెను, లేదా పూర్తిగా ఆపవలెను. జెల్ దశకు వచ్చిన సబ్బులో అల్ట్రామెరీను వంటి రంగులు నిండుగా వికసించుట నిజము. ఆ నిండుదనము కావలెననుకొనువారు నీటిని తగ్గించి, వేడిని ఆహ్వానించుటయే సరియైన త్రోవ.

రంగును నూరుకొనుట తరువాతి పని యంటిని గాని, అది చిన్న పని కాదు. నీటిని ఎంత దిద్దినను, రంగు ఉండలు కట్టియున్నచో ముక్క ముఖమున తెల్లని చుక్కలు మిగులును. కోయునప్పుడు కత్తి ఆ చుక్కలను ఈడ్చి తోక చుక్కలుగా మార్చును. అప్పుడు పుట్టునవియు చారలే, కాని వీనికి కారణము వేరు, చికిత్సయు వేరు. టైటానియం డయాక్సైడులో నీటిలో కలియునట్లు చేసినదియు నూనెలో కలియునట్లు పైపూత పూసినదియు రెండు రకములు అమ్ముచున్నారు. డబ్బా మీద వ్రాయనిచో రెండు చిన్న గిన్నెలలో నీటిని నూనెను పోసి, చిటికెడు పొడి వేసి కలిపి చూచినచో, ఎందులో అది చెదరి పాలవలె తెల్లనగునో, ఎందులో గుల్లలై తేలునో వెంటనే తెలియును. నూనెతో కలియు రకమును ఎన్నుకొనుటయే మేలు. ఏలయన నీటితో నూరిన తెల్లపొడిని పాకములో ఒక పాలునకు కలిపినచో, ఆ పాలునకు మాత్రమే నీరు అదనముగా చేరి, రెండు రంగుల సబ్బులో తెల్లని భాగమొక్కటియే నరములు వేయును. తెల్లపొడినే తిట్టుటకు ఈ చిన్న పొరబాటు ఎంత దోహదము చేసినదో చెప్పలేము. నీటితోనే నూరవలసి వచ్చినచో, ఆ నీటిని సోడాకు పోయు నీటిలోనుండి ముందుగనే తీసి పెట్టుకొనవలెను.

నూరు విధము: పసరులు, భస్మములు నూరుకొను రాతి కల్వములో కిలో నూనెకు 5 నుండి 10 గ్రాముల వరకు పొడిని వేసి, లెక్కలోనున్న ఆముదములోనుండియే పొడికి మునుగునంత మాత్రము తీసి పోసి, పొత్రముతో ఒకే దిశను మెల్లగా త్రిప్పవలెను. మొదట ఇసుకవలె కరకరలాడును. కొంతసేపటికి ఆ చప్పుడు అణగి, ముద్ద పొత్రమునకు అంటి సాగును. చెంచా వెన్నుతో ఆ ముద్దను గాజుపలక మీద పలుచగా పూసి, వెలుతురునకు అడ్డముగా పట్టి చూడవలెను. పొడి రేణువొక్కటియు కానరానప్పుడు నూరుట ముగిసినట్లు. ఆముదము చిక్కదనమువలనను స్వభావమువలనను పొడిని తడుపుటలో తక్కిన నూనెలకంటె మేలైనది. ఇట్లు నూరిన రంగును, క్షారము కలుపకముందే నూనెలో వేసి, హ్యాండ్ బ్లెండరుతో తిప్పినచో సబ్బంతయు ఒకే వన్నెగా వచ్చును. పాకమును పంచుకొని పలురంగులు వేయదలచినవారు, చెంచా ఎత్తి జార్చినప్పుడు పైన గీత నిలుచు ట్రేస్ దశకు చాల ముందే, పలుచగా నున్నప్పుడే రంగు కలిపి ముగించవలెను. ముదిరిన పాకములో ఎంత కలిపినను రంగు తీగెలుగా మిగులును.

ఏ రంగులు క్షారమునకు ఓర్చునను ప్రకరణము పెద్దది; ఇచట సంగ్రహముగా చెప్పుదును. ఇనుప భస్మములు, క్రోమియం పచ్చ, అల్ట్రామెరీను నీలము క్షారమున నిలుచును. ఈ నీలము ఒకప్పుడు లాజవర్దమను రత్నమునుండి తీయబడి బంగారముతో సరితూగెడిది. ఫ్రాన్సున గిమే అనునతడు దీనిని కృత్రిమముగా చేసి 1828లో బహుమానము పొందెను. ప్రష్యన్ నీలము క్షారమున విరిగి గోధుమవన్నె అగును. మన పసుపు సంగతి తెలిసినదే: సున్నముతో పారాణియైనట్లే సోడాతోను ఎర్రవారి, పిమ్మట ఎండకు వెలిసిపోవును. మందారము, బీటు దుంపల ఎరుపు సబ్బులో దక్కదు. అభ్రకపు రంగులు, అనగా నెల్లూరు ప్రాంతపు గూడూరు గనులవలన మనకు చిరపరిచితమైన అభ్రకపు రేకులకు పైపూత పూసి చేసిన మెరుపు పొడులు, పూతనుబట్టి నిలుచునవియు మారునవియు కలవు. ఒక చిన్న ముక్కలో పరీక్షింపక పెద్ద దిమ్మలో వేయరాదు.

నిజముగా చేతికి తగులు పగుళ్ళను గూర్చియు ఒక మాట. దిమ్మ పైభాగమున నిలువునా విచ్చు బీటకు కారణము అతివేడిమి. లోపలి భాగము వ్యాకోచించి, గట్టిపడిన పైపొరను చీల్చుకొని వచ్చును. తేనె, బెల్లము, పాలు, కొబ్బరిపాలు చేర్చిన సబ్బులలో చక్కెరలు వేడిని ఇనుమడింపజేయును గనుక వానిని కప్పనే కప్పరాదు. బీట కనబడగానే అచ్చును చల్లనిచోటికి మార్చి, చేతి తొడుగుతో పైభాగమును మెల్లగా ఒత్తినచో చాలవరకు అతుకుకొనును. మరియొక కారణము మట్టి. ముల్తానీ మట్టి గాని తెల్ల సుద్ద గాని పొడిగా వేసినచో, అది పాకములోని నీటిని పీల్చుకొని, ఆరునప్పుడు అంచులు పొడిబారి పగులును. కిలో నూనెకు రెండు మూడు చెంచాలకు మించక, ముందుగా తడిపి, ఆ నీటిని లెక్కలో చేర్చుకొని వేయవలెను. నీటిని 40 శాతమునకు తగ్గించినవారు మట్టి విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను. చారలు పోగొట్టుకొనబోయి పగుళ్ళు తెచ్చుకొనుట ఇచ్చటనే జరుగును.

చారలని భ్రమపడదగినవి మరి రెండు కలవు. పామాయిలు, వనస్పతి వంటి గట్టి కొవ్వులను చల్లగా కలిపినచో, స్టియరిక్ భాగము కరగక తెల్లని మచ్చలై నిలుచును. దానికి నీరు తగ్గించుట చికిత్స కాదు, కొవ్వును పూర్తిగా కరగించి 40 డిగ్రీల ప్రాంతమున కలుపుటయే. పైముఖమున బూడిదవలె పట్టు తెల్లని పొర, కలియక మిగిలిన సోడా గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కూడి కార్బొనేటగుటవలన కలుగును. ఆవిరి పట్టినచో పోవును. సబ్బు లోపలికి దీని వ్యాప్తి లేదు. కోసిన నాడే ముక్కను అడ్డముగా మరియొకమారు కోసి చూచినచో, పైపొరయో, మచ్చయో, లోతున సాగిన నరమో తేటతెల్లమగును.

నరములు పడిన దిమ్మను గీకి బాగుచేయుట అసాధ్యము. అవి ఆ చివరనుండి ఈ చివరవరకు వ్యాపించి యుండును. తురిమి, నీటితో మరల ఉడికించి పోయవచ్చును గాని, ముఖము గరుకుబారి మొదటి నునుపు దక్కదు. మురికి వదల్చుటలోను, నురుగులోను, చర్మమునకు హితమగుటలోను వానికి లోపమేమియు లేదు గనుక, నాలుగైదు వారములు యథాప్రకారము ఆరబెట్టి వాడుకొనుటయే ఉచితము. అయితే ఒక ముక్కను మాత్రము తూకములు, నీటి పాలు, ఆనాటి వేడిమి వ్రాసిన చీటీతో దాచి, అవే నూనెలను, అదే రంగును, అదే అచ్చును గైకొని, నీటిని మాత్రము 380 గ్రాములనుండి 290కి తగ్గించి మరల పోసి, రెండు ముక్కలను ఒకే వెలుతురున చూడవలెను.